మీ సంతోషం కొద్దీ

స్ట్రెచరు బాబాయి తన ఉద్యోగ జీవితంలో ఏ రోగినీ నోరు తెరిచి డబ్బడగలేదు. ఈ మాట ఆయన ఇంట్లోనూ వీధిలోనూ ఆసుపత్రి వెనక టీకొట్టు దగ్గరా, నలుగురు కనిపించిన ప్రతిచోటా చెప్పేవాడు. అది అక్షరాలా నిజం కూడా. ఆ పెద్ద ప్రభుత్వాసుపత్రిలో ఇరవై ఏడేళ్ళుగా ఆయన స్ట్రెచరు తోస్తున్నాడు. ఎమర్జెన్సీ నుంచి ఎక్సరేకి, ఎక్సరే నుంచి వార్డుకి, వార్డు నుంచి ఆపరేషన్ థియేటరుకి కొన్ని వేల మందిని చేర్చి ఉంటాడు. డాక్టర్ల దగ్గర్నుంచి గేటు వాచ్‌మన్ దాకా అందరూ ఆయన్ని బాబాయ్ అనే పిలిచేవారు.

ఆయన చేసేదల్లా ఇదీ. రోగిని మంచం మీదికి మార్చాక వెంటనే వెళ్ళిపోయేవాడు కాదు. స్ట్రెచరు మీది దుప్పటి తీసి దులిపేవాడు. మడతపెట్టేవాడు. మడత కుదరనట్టు మొహం పెట్టి మళ్ళీ విప్పేవాడు. "ఇంకేమైనా కావాలా అమ్మా?" అని మెత్తగా అడిగేవాడు. మూడో మడతకో నాలుగో మడతకో రోగి తాలూకు ఎవరో ఒకరి చెయ్యి జేబులోకి పోయేది. అప్పుడు బాబాయి ఎంతో మొహమాటపడిపోయి, "ఎందుకమ్మా ఇదంతా! సరే, మీ సంతోషం కొద్దీ" అంటూ పుచ్చుకునేవాడు.

ఆసుపత్రిలో ఆ నోటుకి సంతోషమనే పేరు. "ఏడో మంచం వాళ్ళు సంతోషం ఇచ్చారా?" "ఈ వారమంతా సంతోషం పల్చగా ఉంది" అని సిబ్బంది మాట్లాడుకునేవారు. మిగతావాళ్ళ సంగతేమో గానీ బాబాయి ఆ మాటని మనస్ఫూర్తిగా నమ్మాడు. జబ్బు మనిషిని పువ్వులా తీసుకొచ్చాడన్న అభిమానంతోనే ఇస్తున్నారనుకున్నాడు. గేటు దగ్గర ఇంతివ్వండి అంతివ్వండి అని రేటు చెప్పి మరీ వసూలు చేసే వాచ్‌మన్ అంటే ఆయనకి మహా చిన్నచూపు. "వాడిది లంచం. మనది అభిమానం" అనేవాడు.

అలాంటి బాబాయి ఒకరోజు పొద్దున్నే వంటింట్లో బల్బు మారుస్తూ స్టూలు మీద నుంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు.

ఆయన భార్య ఇంట్లోనే మిషను మీద బట్టలు కుడుతుంది. కేక విని పరిగెత్తుకొచ్చి, పక్కింటాయన్ని లేపి వ్యాను తీయించింది. తర్వాత బీరువా తలుపు తెరుస్తుంటే, నేల మీద పడుకుని మూలుగుతున్న బాబాయి మూలుగు ఆపి అడిగాడు.

"ఏం తీస్తున్నావు?"

"డబ్బులండీ. ఎందుకైనా మంచిదని."

"మతి పోయిందా నీకు? మన ఆసుపత్రికి మనం డబ్బు పట్టుకెళ్తే నవ్విపోతారు. పుట్టింటికి వెళ్తూ గుమ్మం దగ్గర టికెట్టు కొంటావా?"

ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఆయన మాటకి ఎదురు చెప్పి ఎరుగదు. బీరువా మూసేసింది. మూసేముందు పర్సు తీసి సంచి అడుగున, తువ్వాలు కింద పెట్టుకుంది.

గేటు దగ్గర వ్యాను ఆగగానే వాచ్‌మన్ లోపలికి తొంగిచూసి లబలబలాడాడు. "అయ్యో బాబాయ్! నీకేంటి ఇలా అయింది!" అంటూ గేటు బార్లా తెరిచాడు. రేటు ఊసే ఎత్తలేదు. బాబాయి అంత నొప్పిలోనూ భార్య వైపు ఒక చూపు చూశాడు.

అందరూ పొడుగాయన అని పిలిచే తోటి పనివాడు స్ట్రెచరు తోసుకుంటూ వచ్చాడు. మనిషి ఆరడుగుల పైన ఉంటాడు, ఇద్దరు పిల్లల తండ్రి. బాబాయి చేతి కిందే పని నేర్చుకున్నాడు. గురువుగారిని ఆ స్థితిలో చూసేసరికి అతనికి నిజంగానే కళ్ళ నీళ్ళు తిరిగాయి. జాగ్రత్తగా ఎత్తి పడుకోబెట్టాడు. అయితే అతను తెచ్చింది ముందు చక్రం వంకరపోయిన స్ట్రెచరు. ప్రతి రెండు గజాలకీ ఒకసారి అది ఎగిరిపడేది, బాబాయికి ప్రాణం జివ్వుమనేది. రబ్బరు చక్రాల మంచి స్ట్రెచరు ఒక్కటే ఉంది. దాన్ని మెట్ల కింద దాచి, మనిషిని చూసి బయటికి తీయాలన్న పద్ధతి పెట్టింది బాబాయే.

"ఆ మంచిది తీయలేకపోయావా?" అన్నాడు పళ్ళు బిగపట్టి.

"ఎవరైనా వస్తారేమోనని ఉంచాను బాబాయ్. మనలో మనకి ఏదైతే ఏముంది?"

వరండా మధ్యకి వచ్చేసరికి గేటు ముందు కారు ఆగింది. కారులోంచి ఒక పెద్దమనిషీ ఆయన వెంట అరడజను మంది బంధువులూ దిగారు. పొడుగాయన స్ట్రెచరుని గోడ వారకి జరిపాడు.

"రెండు నిమిషాల్లో వస్తా బాబాయ్. వాళ్ళు బయటివాళ్ళు కదా, ఊరికే కంగారుపడతారు."

రెండు నిమిషాలు మూడు గంటలయ్యాయి. ఇరవై ఏడేళ్ళు ఆ వరండాలో నడిచాడు గానీ, దాని పైకప్పు ఎలా ఉంటుందో బాబాయికి తెలియదు. ఇప్పుడు తీరిగ్గా తెలిసింది. సున్నం పెచ్చులూడి ఉంది. పదకొండు ట్యూబులైట్లలో నాలుగు వెలుగుతున్నాయి. ఒకదానిలో బల్లి కాపురం పెట్టింది. కింద వెళ్ళే ప్రతివాళ్ళూ ఆగి, భుజం తట్టి, "ఏం బాబాయ్, ఇలా అయిందేంటి" అని నొచ్చుకుని మరీ వెళ్ళేవారు. నొచ్చుకున్నవాళ్ళలో ఒక్కరు కూడా స్ట్రెచరు మీద చెయ్యి వెయ్యలేదు.

చివరికి ఎక్సరే గది దగ్గరికి చేరాడు. ఎక్సరే తీసే ఆయన గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "నీకు లైనేంటి బాబాయ్! నువ్వు మనవాడివి. ఈ బయటివాళ్ళని గబగబా పంపించేసి, నీది తీరిగ్గా, శుభ్రంగా తీస్తాను" అన్నాడు. బయటివాళ్ళని పంపించడం పూర్తయ్యేసరికి భోజనాల వేళయింది. భోజనాలయ్యేసరికి ఇంకొందరు బయటివాళ్ళొచ్చారు.

సాయంత్రానికి ఎముకల వార్డులో మంచం దొరికింది. చిట్టచివరి మంచం. పైన ఫ్యాను ఉంది, రెక్కలు కూడా ఉన్నాయి, తిరగదంతే. పక్క మంచం మీద గోడ కడుతూ సారవ మీంచి పడి కాలు విరిగిన తాపీ మేస్త్రి ఉన్నాడు. అతనికి తోడుగా వాళ్ళ వదిన వచ్చింది. నలభై దాటిన మనిషి, మాటలో చురుకు. అందరూ వదినా అని పిలవడం చూసి బాబాయి భార్య కూడా వదినా అనడం మొదలెట్టింది.

మంచం పట్టిన మనిషికి సూపరింటెండెంటు కన్నా పెద్ద అధికారి బెడ్‌పాన్ తెచ్చే మనిషి. ఆ వార్డులో ఆ పని, అందరూ వార్డు అక్క అని పిలిచే ఆయాది. ఆమెకీ బాబాయికీ ఇరవై ఏళ్ళ స్నేహం, టీ తాగేటప్పుడు ఒకరినొకరు ఏడిపించుకోకుండా రోజు గడిచేది కాదు.

"అక్కా, ఒకసారి" అన్నాడు బాబాయి, గొంతు తగ్గించి.

"వచ్చేస్తున్నా బాబాయ్, ఈ ముగ్గురినీ చూసి వస్తా. ఆలస్యమైతే వాళ్ళు మొహాలు మాడుస్తారు. నువ్వైతే ఏమీ అనుకోవు."

ఆమె వచ్చేసరికి పని మంచం మీదే అయిపోయింది. భార్య పక్క మార్చి, ఆ బట్టలు పట్టుకుని పంపు దగ్గరికి వెళ్ళింది. బాబాయి గోడ వైపు తిరుగుదామనుకున్నాడు. కాలు తిరగనివ్వలేదు.

ఎముకల డాక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడు. "రేపటి లిస్టులో మూడో పేరు మీదే బాబాయ్, రాడ్డు వేసేద్దాం" అన్నాడు. లిస్టులో మూడో పేరు నిజంగానే ఉంది. కానీ థియేటరు తలుపు దగ్గరికి ఎవరి స్ట్రెచరు ముందొస్తే వాళ్ళే ముందు లోపలికి వెళ్తారు. ఆ కిటుకు బాబాయికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మర్నాడు ఆయన వంతు రాకుండానే థియేటరు మూసేశారు. ఆ మర్నాడూ అంతే. "మన బాబాయే కదా, రేపు చూద్దాంలే" అన్న మాట నాలుగు రోజులు నాలుగు గొంతుల్లో వినిపించింది.

ఈలోగా పక్క మంచం మీద మేస్త్రికి అన్నీ అమరిపోతున్నాయి. అడక్కముందే బెడ్‌పాన్, ఉతికిన దుప్పటి, కాలు కింద ఎత్తుకి రెండో దిండు. వదిన చెయ్యి సంచిలోకి పోవడం, బయటికి రావడం బాబాయి పడుకునే లెక్కపెడుతున్నాడు. ఐదో రోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"ఎందుకమ్మా అందరికీ అలా ఇచ్చేస్తున్నారు? మిమ్మల్ని ఎవరైనా అడిగారా?"

"అడిగితే ఎంత బాగుండేదండీ!" అంది వదిన. "అడిగితే ఇంత ఇవ్వలేనని చెప్పొచ్చు, పోట్లాడొచ్చు. వీళ్ళు అడగరు. నిలబడతారు. నిలబడితే మనకి లోపల గుబులు. ఇవ్వకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పరు కదా. ఏమీ కాదేమో కూడా. కానీ ఏమీ కాదని తేల్చుకోడానికి మా మరిది కాలుని పందెం కాయలేను కదండీ."

"కొందరు అభిమానంగా కూడా ఇస్తారేమో" అన్నాడు బాబాయి. ఆ గొంతు ఆయనకే కొత్తగా ఉంది.

వదిన నవ్వింది. "రెండేళ్ళ కిందట మా మావగారిని ఇక్కడికే తెచ్చాం, గుండెనొప్పని. స్ట్రెచరు తోసినాయన మంచం మీద దింపి దుప్పటి మడతపెట్టడం మొదలెట్టాడు. నేను లాండ్రీలో పని చేస్తానండీ, రోజుకి వంద దుప్పట్లు మడతపెడతాను. అది రెండు మడతల పని. ఆయన ఆరు పెట్టాడు. అవతల మావగారు ఊపిరందక కొట్టుకుంటున్నారు. ఆక్సిజన్ సిలిండరు తెచ్చిపెట్టాల్సింది ఆయనే. ఆయనేమో అంచులు కలుపుతున్నాడు. సంచిలో బస్సు డబ్బులుంటే అవే ఇచ్చేశాను. ఇవ్వగానే తెచ్చాడు, పాపం. మేం ఇంటికి నడిచి వెళ్ళాం."

"మీ మావగారు..."

"ఆయనకేం, గుండ్రాయిలా ఉన్నారు. రోజూ మా అందరినీ తిడుతుంటారు."

"ఆ స్ట్రెచరాయన ఎలా ఉంటాడు?" అని అడిగాడు బాబాయి.

"మొహం గుర్తులేదండీ. నేను చేతులే చూస్తూ ఉన్నాను."

బాబాయి తన చేతులు రెండూ మెల్లగా దుప్పటి కిందికి లాక్కున్నాడు. రెండేళ్ళ కిందట గుండెనొప్పితో వచ్చిన ముసలాయన్ని గుర్తు తెచ్చుకోవాలని చాలాసేపు ప్రయత్నించాడు. గుండెనొప్పితో వచ్చిన ముసలివాళ్ళు చాలామంది గుర్తొచ్చారు. వాళ్ళ మొహాలే గుర్తొచ్చాయి. పక్కన నిలబడ్డవాళ్ళు ఎలాంటి మొహాలు పెట్టుకుని డబ్బు తీశారో మాత్రం ఒక్కటీ గుర్తు రాలేదు.

మర్నాడు పొద్దున భార్య మొహం కడుగుతుంటే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"పర్సు తెచ్చావా?"

"మీరు వద్దన్నారుగా."

"తెచ్చావా లేదా?"

"తువ్వాలు కింద ఉంది."

"అక్కకి ఇవ్వు. పొడుగాయనకి కూడా" అని కళ్ళు మూసుకున్నాడు.

అక్కడే పెద్ద పొరపాటు జరిగింది. నోటు చూడగానే వార్డు అక్క నిప్పు తొక్కినట్టు వెనక్కి గెంతింది. "నన్నేమనుకున్నావు పిన్నీ? బాబాయి దగ్గర డబ్బు పుచ్చుకునేంత దిగజారిపోయానా? నా కూతురి పురుడప్పుడు లిఫ్టు పని చెయ్యకపోతే మూడో అంతస్తుకి మోసింది ఎవరు? ఈ బాబాయి కాదూ!" అని వార్డంతా వినేలా ఏడ్చింది. ఏడ్చి వెళ్ళిపోయి, ఆ రోజంతా అలిగి ఆ చివరి మంచం వైపే రాలేదు. పొడుగాయన చెంపలు వేసుకున్నాడు. "కావాలంటే నన్ను కొట్టు బాబాయ్, అంతేగానీ ఇలా అవమానించకు" అని గద్గదంగా చెప్పి మేస్త్రిని ఎక్సరేకి తోసుకుపోయాడు.

అదివరకు ఆలస్యంగానైనా వచ్చే బెడ్‌పాన్ అలా పూర్తిగా ఆగిపోయింది.

అయితే రెండు రోజుల తర్వాత గాలి తిరిగింది. పొద్దున్నే వార్డు అక్క నవ్వుతూ వచ్చి, కోపం సంగతి మర్చిపోయినట్టు పక్క మార్చింది. అడక్కముందే బెడ్‌పాన్ పెట్టింది. రెండో దిండు తెచ్చింది. ఎవరో కరెంటు మనిషి నిచ్చెన వేసుకొచ్చి పైన ఫ్యానులో ఏదో మార్చితే అది గిర్రున తిరిగింది. బాబాయి మొహం వెలిగిపోయింది.

"చూశావా!" అన్నాడు భార్యతో. "నిన్న మొన్నటిదాకా ఏదో పని ఒత్తిడి. మనవాళ్ళు ఎప్పటికైనా మనవాళ్ళే. ఆ వదిన బయటి మనిషి, ఆవిడకి మన సంగతులు తెలియవు."

"అవునండీ" అంది ఆవిడ, చేతిలో ఉన్న చొక్కాకి బొత్తాం కుడుతూ.

ఆ మర్నాడే ఆపరేషన్. పొడుగాయన వచ్చాడు. తోసుకొచ్చింది రబ్బరు చక్రాల మంచి స్ట్రెచరు. అది వరండాలో నీళ్ళ మీద పడవలా సాగిపోయింది. అందరికన్నా ముందు థియేటరు తలుపు చేరారు. అక్కడ బాబాయిని థియేటరు వాళ్ళ చక్రాల మంచం మీదికి మార్చాక పొడుగాయన వెళ్ళిపోలేదు. దుప్పటి తీసి దులిపాడు. మడతపెట్టాడు. విప్పాడు. ఒకప్పటి గురువు కాబట్టి బాబాయి కళ్ళు వాటంతటవే ఆ చేతుల మీదికి పోయాయి. పనివాడే, అయితే మూడో మడత దగ్గర కాస్త తొందరపడ్డాడు అనుకున్నాడు. అప్పుడే గోడ పక్కన వదిన కనిపించింది. మేస్త్రి ఆపరేషన్ అయిపోయి మూడు రోజులైంది, ఈవిడకిక్కడేం పని? ఆమె చేతిలో ఉన్న పర్సు రంగురంగుల గుడ్డముక్కలు అతికి కుట్టినది. అలాంటి పర్సు ప్రపంచంలో ఒక్కటే ఉంది, కుట్టింది బాబాయి భార్య. వదిన అందులోంచి నోటు తీసి అందించింది. పొడుగాయన మొహమాటపడి పుచ్చుకున్నాడు.

"ఒరేయ్!" అన్నాడు బాబాయి. ఈలోగా మంచాన్ని లోపలికి లాగేశారు, తలుపు మూసుకుంది. లోపల నర్సమ్మ, "భయపడకు బాబాయ్, ఏమీ కాదు" అంది.

రాడ్డు బాగా కుదిరింది. మూడు వారాలకి ఇంటికి పంపుతుంటే వార్డు అక్క బట్టలు సర్దిపెట్టడానికి వచ్చింది. బాబాయి ఇక దాచుకోలేకపోయాడు.

"ఆ వదిన మీ అందరికీ ఇచ్చిన డబ్బు ఎవరిదో తెలుసా నీకు?"

"తెలియకపోవడమేంటి బాబాయ్, మేమేమన్నా చిన్నపిల్లలమా?" అంది అక్క, తువ్వాలు సంచిలో కుక్కుతూ. "నీ చేతి నుంచి ఎలా తీసుకుంటాం చెప్పు? ఇరవై ఏళ్ళ స్నేహం. పిన్ని తెలివిగలది, మర్యాద దక్కించింది."

ఐదు నెలలకి బాబాయి కాస్త కుంటుతూ మళ్ళీ పనిలో చేరాడు. చేరిన రోజే ఒక ముసలామెని ఆయాసపు వార్డుకి చేర్చాల్సి వచ్చింది. వెంట ఆమె కొడుకు ఉన్నాడు, బస్సు డ్రైవరట. మంచం మీద దింపగానే బాబాయి దుప్పటిని ఉండచుట్టి చంకలో పెట్టుకుని, వెనక్కి చూడకుండా బయటికి నడిచాడు. సగం వరండా దాటేసరికి వెనక నుంచి పరుగు వినిపించింది.

"బాబుగారూ, ఆగండి! ఏమీ తీసుకోకుండా వెళ్ళిపోతున్నారేంటి?" డ్రైవరు చేతిలో నోటు ఉంది.

"వద్దు నాయనా. నాకు జీతం ఇస్తున్నారు."

డ్రైవరు మొహంలో నెత్తురు ఇంకిపోయింది. "అంటే... డాక్టరుగారేమైనా చెప్పారా అండీ? మా అమ్మకి ఇంక లాభం లేదనా?"

"అబ్బే, అలాంటిదేం లేదు. ఆయాసమే. తగ్గిపోతుంది."

"మరెందుకు తీసుకోవట్లేదండీ? తక్కువైతే చెప్పండి, ఇంకొంచెం కలుపుతాను. దాచకండి నా దగ్గర."

బాబాయి ఎంత చెప్పినా అతను వినలేదు. చెప్పినకొద్దీ ఇంకా బెదిరిపోయాడు. చివరికి నోటు తీసుకుంటే తప్ప ఆ మనిషి తల్లి దగ్గరికి వెళ్ళేలా లేడు. తీసుకున్నాడు. డ్రైవరు గట్టిగా ఊపిరి వదిలి, దణ్ణం పెట్టి, వెనక్కి పరిగెత్తాడు.

ఆ నోటు జేబులో ఉన్నంతసేపూ బాబాయికి మనసు మనసులో లేదు. తీసుకున్నందుకు ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాడు. గంటయ్యాక ఆ వార్డుకి వెళ్ళి చూస్తే, ముసలామె "అమ్మాయ్, అమ్మాయ్" అని ఎవరినో పిలుస్తోంది. ఆ పిలుపు ఎందుకో ఆయనకి బాగా తెలుసు. మూల నుంచి బెడ్‌పాన్ తెచ్చి, తెర అడ్డం లాగి, కొడుకుని సాయం పట్టమని, పని జరిపించాడు. కడిగి యథాస్థానంలో పెట్టాడు. పక్క మంచం ఆవిడ అడిగితే ఆవిడకీ అందించాడు. ఆ రోజూ మర్నాడూ మూడోనాడూ, ఖాళీ దొరికినప్పుడల్లా అదే పని.

ఆ వార్డు ఆయా ఊరుకోలేదు. "రోగులంతా ఆయన్నే పిలుస్తున్నారు, నా నోట్లో మన్ను కొడుతున్నాడు" అని వార్డు అక్కని వెంటబెట్టుకుని హెడ్ సిస్టరు దగ్గరికి వెళ్ళింది. వార్డు అక్క కూడా, "స్నేహం స్నేహమే, కానీ ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టడం పద్ధతి కాదు సిస్టర్" అని సాక్ష్యం చెప్పింది. నాలుగో రోజున బాబాయి చేతికి ఒక కాగితం వచ్చింది. తమకు సంబంధం లేని విధుల్లో జోక్యం చేసుకుని ఇతర సిబ్బంది పనికి ఆటంకం కలిగించినందుకు మూడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వవలెనని అందులో ఉంది. అన్నేళ్ళ సర్వీసులో ఆయన మీద వచ్చిన మొదటి మెమో అదే.

సాయంత్రం ఇంటికొచ్చి దాన్ని కుట్టుమిషను మీద పెట్టాడు. భార్య దారం తెంపి, కళ్ళజోడు సర్దుకుని, రెండుసార్లు చదివింది. నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయనకి చేతిరాత బాగుండదు కాబట్టి జవాబు రాయడానికి ఆవిడే తెల్లకాగితం తీసి కూర్చుంది.

"ఏమని రాయమంటారు? బెడ్‌పాన్ ఇచ్చినందుకు క్షమించమనా?"

"అలాగే రాయి."

ఆవిడ రాసింది. రాసి తలెత్తింది.

"ఇకమీదట ఇలాంటి పని చెయ్యనని కూడా రాయాలేమోనండీ. లేకపోతే ఒప్పుకోరు."

బాబాయి కుంటికాలు చాపుకుని, మోకాలు రుద్దుకున్నాడు.

"అది మాత్రం రాయకు" అన్నాడు. "అడిగితే మర్చిపోయానని చెప్తాను."